విడిపోవడం మరచిన జత

పేరు పిలిచేదాకా ఇనుప కంచెకు ఇవతలే నిలబడాలన్నారు కనుక ఎర్సీలియా నిలబడే ఉంది. నెత్తిన ఎవరిదో పెద్ద తలకు సరిపోయే హెల్మెట్, గడ్డం కింద ఒరుసుకుంటున్న పట్టీ, కోటు జేబులో ఇంటి తాళంచెవి. భూకంపం వచ్చి వారం దాటింది. కంచె అవతల వీధి ఎత్తుకు ఎక్కుతూ పోయి మలుపులో కనబడకుండా పోతుంది. ఆ మలుపు దాటాక ఏది నిలిచిందో ఏది కూలిందో ఇక్కణ్ణించి తెలియదు. వీధి మొదట్లో ఉండే పల్మీరా వాళ్ళ మేడ మీద, భూకంపం వచ్చిన పొద్దున ఆరేసిన దుప్పట్లు ఇంకా తీగ మీదే ఉన్నాయి, వానకు తడిసి, ఎండకు ఎండి, మళ్ళీ తడిసి. పుట్టి బుద్ధెరిగిన ఊరిని ఇలా బయట నిలబడి చూడటం, చుట్టపుచూపుగా వచ్చి తలుపు తీస్తారో లేదోనని గుమ్మంలో ఆగిపోయినట్టుంది. మనిషికి ఒక్క చోటు, ఒక్కసారి, పావుగంట. వెంట ఫైరింజను మనిషి ఒకరు వస్తారు. ఇంటికెళ్తే ఇల్లే, కొట్టుకెళ్తే కొట్టే. మళ్ళీ ఎప్పుడు రానిస్తారో వాళ్ళకే తెలియదు. ఎర్సీలియాకు ముందు క్వింతో ఉన్నాడు, మాంసం కొట్టు క్వింతో, చంకలో ఖాళీ గోనెసంచితో.

"నేను నేలమాళిగకే పోతా. సాసేజ్‌లన్నీ అక్కడే వేలాడుతున్నాయి. భూకంపం వచ్చిందని అవి ముదరకుండా ఆగుతాయా? మరి నువ్వేం తెచ్చుకుంటావ్, ఎర్సీలియా?"

"అకార్డియన్" అంది ఆమె.

"ఆఁ, నజ్జరేనోది. మంచి పని. ఆ బురదనీళ్ళ కోసం పోతావేమోనని భయపడ్డా."

ఆమె నవ్వింది. అకార్డియనే. అలమరా పైన, నల్లపెట్టెలో, పెళ్ళిలో కప్పుకున్న శాలువా చుట్టి పెట్టింది. ఆమె భర్త నజ్జరేనో అకార్డియన్లు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. అమ్మినవన్నీ ఇతరులకు చేసినవి, అదొక్కటే తనకోసం చేసుకున్నది. అతను పోయాక దాన్ని ఎవరూ వాయించలేదు. ఏడాదికోసారి ఆమె పెట్టె తెరిచి ఒక్కసారి తిత్తిని లాగి వదులుతుంది, లోపలి తోలు అతుక్కుపోకుండా. అప్పుడది ఏ రాగమూ కాని ఒక నిట్టూర్పు విడుస్తుంది. నిన్న, ఊరు ఖాళీ చేయించి తమను ఉంచిన సముద్రపు ఒడ్డు హోటల్లో, గదిలో రెండో మంచం మీద కూర్చుని, ల్యాబులో ఇన్నేళ్ళూ తోడున్న ఫోస్కా కూడా అదే అంది: "నజ్జరేనో అకార్డియన్ తెచ్చుకో. ఇంకేమీ అక్కర్లేదు. విన్నావా?" అప్పుడు ఫోస్కా మొహం కిటికీ వైపు ఉంది. కిటికీ అవతల సముద్రం. ఫోస్కాకు సముద్రం నడిమధ్యన పెద్ద మచ్చ. చూపు మధ్యలోంచి చెదలు తిన్నట్టు పోయి రెండేళ్ళయింది, అంచులు మాత్రం మిగిలాయి. మనిషి చెవిని చూస్తున్నట్టు మొహం పక్కకు తిప్పితేగాని మనిషి కనబడదు. జీవితమంతా సూక్ష్మదర్శినిలోకి చూసిన కళ్ళు. ఎర్సీలియా ఏదో అనబోయింది, ల్యాబులోని గాజుగొట్టాల గురించి, ఇన్ని రోజులు తిండిలేకుండా వాటిలోని ప్రాణులు ఎలా ఉన్నాయోనని. ఫోస్కా చెయ్యెత్తి ఆపింది. రెండేళ్ళుగా అంతే. ల్యాబు మాటెత్తితే చాలు, "నాకు చెప్పకు" అని చెయ్యి అడ్డం పెడుతుంది, వంటగదిలో ఏదో కడగడానికి లేచిపోతుంది.

ఒకప్పుడు ఆ నోరు ఆగేదా? ల్యాబంటే పాత సన్యాసినుల మఠంలో కింది అంతస్తు, నేలలోకి సగం దిగిన పొడుగాటి గది, కిటికీలోంచి రోడ్డున పోయేవాళ్ళ చెప్పులు మాత్రమే కనబడేవి. వానపడ్డ మర్నాటి గొడ్లపాకలా వాసన. ఎండుగడ్డి కాచిన కషాయం ఎప్పుడూ పొయ్యి మీద ఉండేది, చల్లారాక అందులో సూక్ష్మక్రిములు పెరిగేవి, వాటిని తిని పారమీషియాలు పెరిగేవి. స్కూలు పుస్తకంలో చెప్పు అడుగు బొమ్మలా వేసే ఆ ఒంటికణపు ప్రాణి. ఒళ్ళంతా నూగులాంటి సన్నటి శైలికలు, గాలికి వంగే వరిచేనులా అన్నీ వరసగా ఊగుతూ. ఆ రోజుల్లో ఫోస్కా, ఎర్సీలియా ఇద్దరూ కొత్తగా చేరిన అమ్మాయిలు. గాజుగొట్టాన్ని మంట మీద పెట్టి లాగితే వెంట్రుకంత సన్నగా సాగుతుంది. దాని చివర రబ్బరు గొట్టం, రబ్బరు చివర తమ నోరు. ఊపిరి ఎంత పీల్చాలో ఎంత వదలాలో తెలిసినవాళ్ళే ఒక్క కణాన్ని పట్టగలరు. ఫోస్కా ఊపిరికి తిరుగులేదు. పాటపాడేవాళ్ళకుండే ఊపిరి అది. ఒకసారి ప్రొఫెసర్ గరుల్లి గట్టిగా పీల్చి ఒక గొట్టెడు మింగేశాడు, మొహం ఎర్రబడింది, అందరూ బిగుసుకుపోయారు. ఫోస్కా తల ఎత్తకుండానే, "పాపం, ఎక్కడికొచ్చాం అనుకుంటున్నాయో" అంది. మధ్యాహ్నం దాకా ఆ గదిలో ఎవరికీ పని సాగలేదు, నవ్వు ఆగితేగా. ఇప్పుడు ఎర్సీలియాకూ నవ్వొచ్చింది, హెల్మెట్ ముందుకు జారింది, సర్దుకుంది. క్యూ ఒక మనిషి మేర కదిలింది. ఎవరో పెళ్ళికూతురి గౌను ఎత్తుకుని దిగివస్తున్నారు, ప్లాస్టిక్ సంచిలో తెల్లగా, నిలువుగా, మనిషిని మోస్తున్నట్టు.

జతకట్టించే రోజు బాగుండేది. రెండు రకాలు ఉంటాయి, చూడ్డానికి తేడా తెలియదు, ఆడా మగా అనేందుకూ లేదు; ఒక గొట్టంలోవి ఇంకో గొట్టంలోవి కలిపి గాజుపలకలో పోస్తే, అప్పటిదాకా ఎవరి దారిన వాళ్ళు పోతున్నవి ఒక్కసారిగా గుంపులు కట్టేవి, సంతరోజు జనంలా ఒకరి మీద ఒకరు పడేవి. కాసేపటికి గుంపు విడిపోయి జతలు మిగిలేవి. ఒక్కో కణంలో రెండు కేంద్రకాలు. పెద్దది రోజువారీ సంసారం నడుపుతుంది, చిన్నది పిల్లలకోసం దాచిపెట్టుకున్నది. జతకూడినప్పుడు తన చిన్నదానిలో సగం ఇది దానికిస్తుంది, సగం అది దీనికిస్తుంది, పెద్దది కరిగిపోతుంది, ఇచ్చిపుచ్చుకున్నదాంట్లోంచి కొత్త పెద్దది పుడుతుంది. తర్వాత విడిపోయి ఎవరి దారిన వాళ్ళు. ఒక శీతాకాలం పొద్దున ఒక జత విడిపోలేదు. ఫోస్కా పిలిచింది. "ఎర్సీ, ఇటు రా. ఇవి ఇంటికి పోనంటున్నాయే." ఇద్దరి కోట్లూ ఇంకా విప్పలేదు, ఫోస్కా జుట్టులో మంచు ఇంకా కరగలేదు. చూస్తే నిజమే. ఒకదానికొకటి పక్కలు కలిసిపోయి, రెండు నోళ్ళు, ఒకే ఒళ్ళుగా, లావుగా, తీరిగ్గా తిరుగుతోంది. చస్తుందనుకున్నారు. మర్నాటికి అది రెండయింది. రెండూ అలాంటివే. జంటకు జంటలు పుట్టాయి.

ప్రొఫెసర్ గరుల్లి మొదట నమ్మలేదు. "గొట్టం సరిగ్గా కడగలేదు, అమ్మాయిలూ" అన్నాడు. అప్పుడు ఫోస్కా ఆ జంటకణాన్ని మామూలు ఒంటికణంతో కూడించింది. కేంద్రకాలు సగం సగం మారాయి. లోపల ఇప్పుడు రెండింటికీ అచ్చంగా ఒకే వారసత్వం, ఒకే తల్లి పిల్లల్లోనూ అంత పోలిక ఉండదు. అయినా జంటగా ఉన్నదాని పిల్లలు జంటలే, ఒంటిగా ఉన్నదాని పిల్లలు ఒంటివే. అంటే ఆ ఆకారం జన్యువుల్లో లేదు. ఒంటి మీద ఉన్న శైలికల వరసలను చూసి ఒళ్ళే మళ్ళీ అలాగే కట్టుకుంటోంది. ఆ రోజు ప్రొఫెసర్ కుర్చీలో వెనక్కి వాలాడు, తర్వాత లేచి తన టోపీ తీసి ఫోస్కా నెత్తిన పెట్టాడు. ఆ వసంతమంతా ఇద్దరికీ నేలమీద కాలు నిలవలేదు. ఆదివారాలు నజ్జరేనో మోటారుసైకిల్ మీద వచ్చేవాడు, అప్పటికింకా పెళ్ళి కాలేదు, ముగ్గురూ కొండ కింద చెరువు గట్టుకి పోయేవాళ్ళు. అతను అకార్డియన్ వాయిస్తుంటే వీళ్ళిద్దరూ మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి సీసాలు ముంచేవాళ్ళు. "మీ ఇద్దర్లో ఎవర్ని చేసుకుంటున్నానో ముందే చెప్పండి, తర్వాత గొడవొద్దు" అనేవాడు. "మమ్మల్ని విడదీస్తే చస్తాం, చూసుకో" అనేది ఫోస్కా, బురద విసిరి. తర్వాత నేపుల్స్ సమావేశానికి పోయిన ప్రొఫెసర్ తిరిగొచ్చి, కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మాయిలూ, మనకంటే ముందే చూశారు. ఎప్పుడో అచ్చేశారు కూడా" అన్నాడు. సముద్రం అవతల ఎవరో, వీళ్ళిద్దరూ స్కూల్లో ఉన్నప్పుడే. ఎర్సీలియాకు బాగా గుర్తు, తను ఏడ్చింది. ఫోస్కా ఏడవలేదు. కషాయం గిన్నె దించి, గుడ్డతో చెయ్యి తుడుచుకుని, "వాళ్ళు చూసింది వాళ్ళది. ఇది మనది" అంది.

ఆ మాట మీదే ఇన్నేళ్ళూ. పేరు తెచ్చేది కాదు, ఎవరికీ అవసరమైందీ కాదు. ఏటా కొత్తగా వచ్చే విద్యార్థులకు ఒకసారి చూపించడానికి తప్ప. పెంచడం మాత్రం కష్టం. జంటలు నెమ్మదిగా పెరుగుతాయి. అప్పుడప్పుడు ఒకటి జంటతనం పోగొట్టుకుని ఒంటిది అవుతుంది, ఆ ఒంటివి త్వరత్వరగా పెరిగి గొట్టమంతా నిండిపోతాయి. అందుకే రెండు మూడు రోజులకోసారి ఎవరో ఒకరు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, జంటల్ని ఏరి కొత్త నీళ్ళలోకి మార్చాలి. పండగలొచ్చినా, నజ్జరేనో ఆస్పత్రిలో ఉన్నా, ఎవరో ఒకరు. ఫోస్కాకు పారిస్ దగ్గర ఉద్యోగం వచ్చి వెళ్ళినప్పుడు సగం గొట్టాలు రవిక లోపల పెట్టుకుని రైలెక్కింది, చలికి చావకుండా. రెండేళ్ళకు తిరిగొచ్చింది. అంకోనా స్టేషన్లో దిగి, పెట్టె కింద పెట్టి, ముందుగా అన్న మాట, "చచ్చిపోయాయే, ఎర్సీ. అక్కడి నీళ్ళు పడలేదు. నాకూ పడలేదు." ఎర్సీలియా ఆమె పెట్టె అందుకుని, "మనింట్లో ఉన్నాయిగా" అంది. అంతకంటే ఎక్కువ ఆ విషయం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తర్వాత ఫోస్కా ఎదురింటి మేడ మీదే ఇల్లు తీసుకుంది. వయసు మళ్ళిన కణాలను కొన్నాళ్ళు పస్తు పెడితే తమంతట తామే కేంద్రకాన్ని కొత్తది చేసుకుంటాయి, వయసు మళ్ళీ మొదటికొస్తుంది. అలా ఎన్నిసార్లో కేంద్రకాలు పోయాయి, కొత్తవి వచ్చాయి. ఒళ్ళు మాత్రం అదే. తెగకుండా అదే. మంచు పట్టిన జుట్టుతో ఫోస్కా వంగి చూసిన ఆ పొద్దుటి ఒళ్ళే, రెండవుతూ, మళ్ళీ రెండవుతూ. ఇప్పటి డిపార్ట్‌మెంట్ పెద్ద మంచివాడే, మొన్న ఫోన్లో అన్నాడు, "బాధపడకండి మేడమ్, కావాలంటే అలాంటివి మళ్ళీ తయారుచేయవచ్చు." అలాంటివి. అవును, అలాంటివి తయారుచేయవచ్చు.

క్వింతో వెళ్ళాడు, క్వింతో తిరిగొస్తున్నాడు, గోనెసంచి వీపు మీద, మీసాల మీద సున్నం, మొహం వెలిగిపోతూ. అతని వెనకే ఫైరింజను మనిషి, ఇవానో అని పేరు, ఉత్తరాది యాస, పెద్ద కడుపు. అతని చేతిలోనూ రెండు సాసేజ్‌లు. "తర్వాత ఎవరు? మీరేనా సిన్యోరా? ఇంటికేగా?" ఎర్సీలియా జేబులో తాళంచెవి వేళ్ళ వేడికి వెచ్చబడి ఉంది. అవును, ఇంటికే. అలమరా, నల్లపెట్టె, శాలువా. మళ్ళీ వర్షం పడితే పైకప్పు ఉంటుందో లేదో, పెట్టె మీదికి దూలం పడితే నజ్జరేనో తనకోసం చేసుకున్నదేదీ ఈ భూమ్మీద మిగలదు. అంతా నిజమే. కానీ అకార్డియన్‌కు ఆకలి వేయదు. ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, పెద్దగా ఆలోచించినట్టు కూడా లేదు, తన నోరే అన్నది చెవులకు వినబడింది.

"ఇంటికి కాదు. మఠానికి. కింది అంతస్తు, ల్యాబుకి."

"అయ్యో తల్లీ, పోయి పోయి అక్కడికా!" అన్నాడు క్వింతో వెనకనుంచి.

వీధి చిన్నదైపోయినట్టుంది. నడిచే దారికి రెండు పక్కలా రాళ్ళ గుట్టలు, ఇవానో ముందు, ఆమె అతని అడుగులో అడుగు. తన ఇంటి ముందునుంచే పోవాలి. తలుపు పక్కనుంచి గోడ ఏటవాలుగా చీలి ఉంది, ఆ చీలికలోంచి వంటగది గోడకున్న నీలం పలకలు కనబడ్డాయి, ఎవరి ఇంట్లోవో అన్నట్టు. ఆగలేదు. ఆగితే కాళ్ళు మాట వినవని తెలుసు. మఠం మెట్లు దిగుతుంటే కాళ్ళకింద గాజు కరకరలాడింది. అదే వాసన, గొడ్లపాక వాసన, దాని మీద సున్నపు వాసన. ఇవానో టార్చి పట్టాడు. ఇంక్యుబేటర్ బోర్లాపడి ఉంది, తలుపు విరిగి. గొట్టాల చట్రాలు నేలమీద, దూది బిరడాలు చెల్లాచెదురుగా, గడ్డి కషాయం ఎండి నేలంతా తేనెరంగు మరకలు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి చూసింది, పగిలింది, పగిలింది, ఎండిపోయింది, పగిలింది. ఎక్కడో లోతున నేల గురకపెట్టినట్టు కదిలింది, పైనుంచి దుమ్ము రాలింది. ఇవానో ఆమె భుజం మీద చెయ్యేశాడు. "పదండి సిన్యోరా, ఇక చాలు." "ఆగు నాయనా." నీళ్ళ తొట్టిలో పడి ఉంది ఒకటి, దూది బిరడాతో సహా, సగం నీళ్ళతో. ఫోస్కా అలవాటు చేసిన గుర్తు కొట్టుకుపోకుండా ఉంది, రెండు సున్నాలు, పక్కపక్కన తాకుతూ.

"ఇంతేనా? దీనికోసమా?" అన్నాడు ఇవానో, టార్చి దాని మీదకి తిప్పి. "ఇందులో ఏముంది, ఉత్త నీళ్ళేగా?"

"ఇంతే" అంది ఆమె, కోటు బొత్తాం తీసి లోపల పెట్టుకుంటూ.

కంచె ఇవతలకొచ్చి హెల్మెట్ ఇచ్చేసింది. సముద్రపు ఒడ్డుకి తీసుకుపోయే బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంది. మెడలోని భూతద్దం తీసి, గొట్టాన్ని ఎండకేసి పట్టింది. ముందు ఏమీ లేదు. అడుగున మడ్డి. కాసేపు చూడగా చూడగా, నీళ్ళలో ఒక తెల్లటి నలుసు తనంతట తాను కదిలింది. తర్వాత ఇంకొకటి. బతికే ఉన్నాయి. ఆమె ఊపిరి పీల్చి, మళ్ళీ వదిలి, గొట్టాన్ని ఇంకా దగ్గరకు తెచ్చి, ఒక్కొక్కదాన్నీ వెతికి వెతికి చూసింది. అన్నీ సన్నవి. అన్నీ చురుకైనవి. ఆ తీరిగ్గా తిరిగే లావుపాటిది ఒక్కటీ లేదు. మళ్ళీ చూసింది. లేదు. ఎన్నేళ్ళుగానో పోకుండా కాచుకున్నది వారం రోజులు ఎవరూ ఏరకపోయేసరికి పోయింది, అంతే, చప్పుడు లేకుండా. ఆమె ఏడవలేదు. ఫోన్ చేసింది.

"వచ్చావా బయటికి? దెబ్బలేం తగల్లేదుగా? అకార్డియన్ ఎలా ఉంది?" ఫోస్కా గొంతు వెనక హోటల్ వంటవాళ్ళ గిన్నెల చప్పుడు.

"అకార్డియన్ ఇంట్లోనే ఉంది. నేను ల్యాబుకి వెళ్ళాను, ఫోస్కా."

"ఏంటీ? పిచ్చిదానా! నీకసలు బుద్ధుందా? నజ్జరేనో చేతులతో చేసింది వదిలేసి... ఈ వయసులో, ఆ గోడల కింద... ఎవరడిగారే నిన్ను? నేనడిగానా?"

"నువ్వడగలేదు."

ఫోస్కా ఊపిరి పీల్చడం వినబడింది. ఎప్పటిలా "నాకు చెప్పకు" అంటుందని ఎర్సీలియా ఎదురుచూసింది. అవతల కుర్చీ జరిగింది, తలుపు మూసుకుంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఉన్నాయా?" అంది ఫోస్కా.

"ఒక్క గొట్టం మిగిలింది. బతికే ఉన్నాయి. కానీ అన్నీ ఒంటివే. జంట ఒక్కటీ లేదు. బాగా చూశాను."

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఇవానో చెయ్యెత్తి అతన్ని ఆగమన్నాడు, నోటినిండా సాసేజ్ నములుతూ.

"అవి వాటి పిల్లలేగా" అంది ఫోస్కా చివరికి. "ముందు వాటికి తిండి పెట్టాలి. తర్వాత రెండో రకం ఎక్కడన్నా అడిగి తెద్దాం, కూడిద్దాం. వందల్లో ఎక్కడో ఒక జత మళ్ళీ విడిపోవడం మరిచిపోతుంది. ఏళ్ళు పడితే పడనీ. చూడ్డానికి నీ కళ్ళున్నాయిగా."

"అది అదే కాదుగా, ఫోస్కా."

"కాదు. నాకు తెలీదా కాదని?" అవతల కుర్చీ మళ్ళీ జరిగింది. "ఇప్పుడు నీ చేతిలోనే ఉందా గొట్టం?"

"చేతిలోనే."

"అయితే చూసి చెప్పు. రెండేళ్ళయింది నేను చూసి. ఏం చేస్తున్నాయో అన్నీ చెప్పు, ఒక్కటీ వదలకు."

ఎర్సీలియా బస్సుకు వీపు పెట్టి, భూతద్దం కంటికి ఆనించుకుంది. నడకలో కుదుపుకు కిందికి పోయినవి, ఇప్పుడు చెయ్యి నిలకడయ్యాక, గొట్టంలో మర తిరిగినట్టు తిరుగుతూ ఎండ పడుతున్న అంచుకేసి లేస్తున్నాయి.

"పైకి వస్తున్నాయే" అంది. "అన్నీ పైకే వస్తున్నాయి."